ఇక సంజాయిషీ చెప్పం

మేం నలుగురం. 1992 మార్చిలో ఒకే బడి నుంచి పదో తరగతి పరీక్ష రాసినవాళ్లం. తెలంగాణలో ఓ చిన్న పట్నం మాది. క్లాసులో యాభైమందికి పైగా పిల్లలుంటే హాజరు పట్టీలో ముస్లిం పేర్లు నాలుగే. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఒకరి అబ్బాది సైకిల్ రిపేరు షాపు. ఒకరి అబ్బా దర్జీ. ఒకరి అబ్బా మండలాఫీసులో బంట్రోతు. నాలుగో ఇల్లు దూదేకులది. ఆ ఇంట్లో తెలుగు తప్ప ఉర్దూ ముక్క వినపడదు. నమాజు దగ్గర్నుంచి కూరలో వేసే మసాలా దాకా మా నాలుగిళ్లల్లో నాలుగు తీర్లు.

అట్లాంటి మేం ఇవాళ "మేం" అని రాస్తున్నాం. ఈ మాటని మేం కోరి ఎత్తుకోలేదు. చేతుల్లోకి ఫోన్లొచ్చాక పాత క్లాసువాళ్లే మా నలుగుర్నీ ఒక తాటికి కట్టి "మీవోళ్లు" అన్నారు. "మీవోళ్లకు చెప్పుండ్రి" అన్నారు. "మీవోళ్లు ఎందుకు ఖండించరు?" అన్నారు. సరే, ఆ మీవోళ్లమే మాట్లాడుతున్నాం.

చెప్పబోయేది పేపరుకెక్కే సంగతి కాదు. ఎవరూ మా ఇళ్లు తగలబెట్టలేదు. మేం చేసింది కూడా పెద్ద పనేం కాదు. ఫేస్‌బుక్‌లో కొందరు పాత పరిచయస్తుల్ని అన్‌ఫాలో చేశాం. క్లాసు వాట్సాప్ గ్రూపులోంచి ఇద్దరం బయటికొచ్చాం, ఇద్దరం దాన్ని కంటికి కనపడకుండా పెట్టుకున్నాం. అంతే. కానీ ఆ తర్వాత మాకు దొరికిన తృప్తి మామూలుది కాదు. ఇంత చిన్న పనికి అంత తృప్తి ఎందుకు కలిగింది? ఆ సంగతి రాయాలనిపించింది.

ఈ మీట సంగతి తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో పదమూడేళ్లు దాటిన అందరికీ తలుపు తెరిచింది. అప్పట్లో ఎవరితోనైనా పొసగకపోతే స్నేహితుల జాబితాలోంచి తీసేసేవాళ్లు. ఆ పనికి పుట్టిన 'అన్‌ఫ్రెండ్' అనే మాటని న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ 2009లో ఆ ఏటి మాటగా ఎంచింది. 2013 చివర్లో 'అన్‌ఫాలో' మీట వచ్చింది. ఇది నొక్కితే అవతలివాడు స్నేహితుల జాబితాలో అట్లాగే ఉంటాడు. వాడి రాతలు మాత్రం మన ముందుకు రావు. నొక్కినట్టు వాడికి కబురు పోదు. ఎప్పుడైనా వాడెట్లా ఉన్నాడో చూడాలనిపిస్తే వాడి పేజీకి మనమే వెళ్లి చూడొచ్చు. 2017 డిసెంబరులో దీనికో చెల్లెలు పుట్టింది. 30 రోజులు మాత్రం ఒకర్ని పక్కన పెట్టడం. ఆ ముప్పై రోజుల్లో వాడు మారతాడేమోనని ఆశపడేవాళ్లకి అది.

అన్‌ఫ్రెండ్ అంటే తెగతెంపులు. బ్లాక్ అంటే మొహమ్మీద తలుపేయడం. అన్‌ఫాలో ఈ రెండూ కాదు. సలాం చెప్పి రోడ్డు అవతలి పక్కకి మారి నడవడం లాంటిది. మాకు కావాల్సింది సరిగ్గా అదే.

*

మొదట్లో ఎంత సంబరంగా ఉండేదో చెప్పకపోతే న్యాయం కాదు. పదో తరగతి తర్వాత ఎవరి దారి వాళ్లదైంది. ఒకడు దుబాయి పోయాడు, ఒకడు సూరత్ పోయాడు, ఒకామె పెళ్లై నిజామాబాద్ పోయింది, ఒకడు హైదరాబాద్‌లో ఆటో నడిపాడు. ఇరవై ఏళ్లు ఎవరి మొహం ఎవరికీ తెలియదు. 2015లో ఎవరో గ్రూపు మొదలుపెట్టారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్టు చవకయ్యాక ఊళ్లో ఉన్నవాళ్లు కూడా అందరూ చేరారు. మొత్తం యాభై నాలుగు మందిమి. మా లెక్కల సారు ఫోటో ఎవరో పెడితే ఆ రోజంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. 2017 సంక్రాంతికి ఇరవై ఐదేళ్ల సమ్మేళనం పెట్టుకున్నాం. బడి చెట్టు కింద విస్తళ్లు వేసుకుని తిన్నాం. మటన్ హలాల్ చేయించి, ఆ సంగతి మా చెవిలో వేసింది కూడా మా క్లాసువాడే. మేం అడగలేదు. ఆ రోజు మేం "మీవోళ్లం" కాదు, నలుగురు క్లాసువాళ్లమే.

పొద్దున్నే దేవుళ్ల బొమ్మలతో శుభోదయాలు వచ్చేవి. దానిమీద మాకేనాడూ గొడవ లేదు. పీర్ల పండుగకి హిందువులు పీర్లెత్తే ఊరు మాది. అలాయ్ దగ్గర అందరం కలిసి ఎగిరినవాళ్లం. శుక్రవారం మేమూ జుమ్మా ముబారక్ పెట్టేవాళ్లం. వాళ్లూ చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాళ్లు.

తర్వాత మెల్లిగా వేరే సరుకు దిగడం మొదలైంది. ఇది మా క్లాసువాళ్లు రాసింది కాదు. వాళ్లలో చాలామంది ఉత్తరం ముక్క కూడా సరిగ్గా రాయలేరు. ఎక్కడో తయారై, పది చేతులు మారి వచ్చేది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనే పుకార్లతో దేశంలో మనుషుల్ని కొట్టి చంపాక, ఆ ఏడు జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయడానికి లేదంది. తర్వాత బాగా చేతులు మారిన వాటి మీద రెండు బాణం గుర్తులు వేసింది. మాకు ఆ రెండు బాణాలు చూస్తేనే కడుపులో తిప్పేది. ఏదో కోట గురించో, ఏదో గుడి గురించో, జనాభా లెక్కల గురించో, బిర్యానీలో ఏం కలుపుతారనే దాని గురించో. చివర "నిజమైన భారతీయుడివైతే పదిమందికి పంపు" అని. పంపింది ఎవరు? మధ్యాహ్నం బువ్వ మాతో పంచుకు తిన్నవాడు.

పంపినవాళ్లు ఏడెనిమిది మందే. ఆ సంగతి మర్చిపోం. మిగిలిన నలభై మందికి పైగా చూసి ఊరుకునేవాళ్లు. నీలి టిక్కులు పడేవి. అంతే.

*

మొదట్లో మేం జవాబులు చెప్పాం. మాలో బాగా చదువుకున్నామె ఒక టీచరు. రాత్రి పిల్లల్ని పడుకోబెట్టాక కూర్చుని, వచ్చిన ప్రతి అబద్ధానికీ ఆధారాలు వెతికేది. ఈ వీడియో మన దేశానిది కాదు, ఈ ఫోటో ఫలానా ఏటిది, ఈ లెక్క జనాభా లెక్కల్లో ఇట్లా లేదు అని ఓపిగ్గా రాసేది. దానికొచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "నిన్ను అనలేదమ్మా. నువ్వు వేరు." లేకపోతే "నాకొచ్చింది పంపిన, తప్పయితే మాఫ్ జెయ్యి." మర్నాడు పొద్దున ఇంకొకటి.

ఆ "నువ్వు వేరు" అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మా బతుకంతా మాకు ఇచ్చే పెద్ద కితాబు అదే. నువ్వు మంచి ముస్లింవి. నువ్వు మా మనిషివి. నువ్వు తురకదానిలా కనపడవు. మాలో దూదేకులవాడికైతే "నీకు ఉర్దూ రాదు కదా, నువ్వు సగం మావోడివే" అనే సర్టిఫికెట్ కూడా దొరికింది. ఒకర్ని మెచ్చుకోవడానికి మిగతా అందర్నీ తిట్టే మెచ్చుకోలు ఇది. దీన్ని పుచ్చుకోవాలంటే మా అమ్మీని, మా చిన్నాన్నని, మా మొహల్లాలో గడ్డం పెంచుకుని ఎవరి జోలికీ పోకుండా పంక్చర్లు వేసుకునే ముసలాయన్ని అవతల నిలబెట్టి రావాలి. మేం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే "సెన్సిటివ్ అయితున్నవ్" అన్నారు.

2020 మార్చి చివర. లాక్‌డౌన్ పెట్టి వారం కాలేదు. నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. రోగానికి మతం అంటగట్టి 'కరోనా జిహాద్' అనే మాట తయారైంది. మాలో ఒకడికి బస్టాండు దగ్గర పండ్ల దుకాణం ఉంది. పండ్ల బండివాళ్లు పండ్లకి ఉమ్మి రాసి అమ్ముతున్నారనే వీడియోలు మా గ్రూపులోకి ఒకే రోజు మూడు వచ్చాయి. "అందరూ జాగ్రత్తగా ఉండగలరు" అని కింద ఒక దండం. పెట్టినవాడు మా పండ్ల దుకాణం వాడి దగ్గర పాతికేళ్లుగా ఉద్దెరకి కొనేవాడే. వాడు మావాడి గురించి అనుకుని పెట్టి ఉండడు. ఆ నిమిషంలో మావాడు వాడికి గుర్తే లేడు. అదే మాకు ఎక్కువ నొప్పి.

ఆ ఏడు ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేసింది. వాళ్లని బలిపశువుల్ని చేశారన్న అర్థం వచ్చేలా వ్యాఖ్యానించింది. ఆ వార్త మేం గ్రూపులో పెట్టాం. చూసినట్టు టిక్కులు పడ్డాయి. ఒక్కరు మాట్లాడలేదు. దాని కిందే ఎవరిదో పుట్టినరోజు కేకు. అందరూ శుభాకాంక్షలు చెప్పారు. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీదున్న కేసులూ కొట్టేసింది. ఆ వార్త మేం ఎక్కడా పెట్టలేదు. అప్పటికే మాకు ఆ పని తప్పిపోయింది.

2021 అక్టోబరు 24. దుబాయిలో టీ20 ప్రపంచకప్ మ్యాచి. పాకిస్తాన్ పది వికెట్లతో గెలిచింది. పదకొండు మంది కలిసి ఓడితే బూతులు తిన్నది మహమ్మద్ షమీ. కెప్టెన్ కోహ్లీ బయటికొచ్చి అతని పక్కన నిలబడి మాట్లాడాడు. మా గ్రూపులో మాత్రం ఆ రాత్రే ఒకడు "ఏందిరా, పటాకులు కాల్చిన్రా?" అని నవ్వు బొమ్మ పెట్టాడు. మా ఇద్దరు మగవాళ్లలో ఒకడికి క్రికెట్లో ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసింది 1991లో. అప్పుడు మేం హైస్కూల్లో ఉన్నాం. ముప్పై ఏళ్లయింది. ఆటగాళ్లు మారారు, టీవీ పోయి ఫోనొచ్చింది. మా దేశభక్తిని స్కోరు బోర్డు మీద కొలవడం మాత్రం పోలేదు.

మా ఇద్దరు ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్' అని, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అని ముస్లిం ఆడవాళ్ల ఫోటోలు పెట్టి వేలం ఆట ఆడారు. రెండోసారి వందమందికి పైగా ఆడవాళ్ల బొమ్మలు వాడారు. పత్రికల్లో రాసేవాళ్లు, పైలట్లు, విద్యార్థినులు. ఆ వార్త చదివిన రోజు మా టీచరమ్మ తన ఫోటో తీసేసి గులాబీ పువ్వు పెట్టుకుంది. గ్రూపులో కొత్త సంవత్సరం మిఠాయిలు పంచుకుంటున్నారు. ఫోటో ఎందుకు తీశావని అడిగినవాళ్లు లేరు. నెల తిరిగేసరికి ఉడుపి హిజాబు గొడవ ఊరూరికీ పాకింది. మా ఇద్దరిలో ఒకామె బుర్ఖా వేసుకుంటుంది, ఒకామె వేసుకోదు. వేసుకునేదాన్ని "ఈ కాలంలో కూడా ఏందమ్మా" అన్నారు. వేసుకోనిదాన్ని "నువ్వన్నా మీవోళ్లకు చెప్పరాదూ" అన్నారు. ఇద్దరూ ఒకే రోజు ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు. "ఇంక చాలే" అనుకున్నారు.

*

మొదట నొక్కింది ఆ ఇద్దరే. మగవాళ్లం తర్వాత నొక్కాం. ఈ విషయంలో వాళ్లు మాకు ఉస్తాదులు.

వేలితో మూడుసార్లు తాకితే అయిపోయే పని. పేరు, మీట, సరే. మొదటి పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఎనిమిదో తరగతిలో జ్వరమొస్తే సైకిల్ మీద ఇంటికి దింపినవాడి పేరది. రెండో పేరు అంత కష్టం కాలేదు. ఐదో పేరుకి చాయ్ తాగుతూ నొక్కేశాం. ఆ రాత్రి నలుగురం ఒకరికొకరు లెక్క చెప్పుకున్నాం. ఒకరు ఆరు, ఒకరు తొమ్మిది. దర్జీ కొడుకు ఇరవై ఒకటి. "కత్తెర మా ఇంటి పనిముట్టు కదా" అన్నాడు. చాలా నెలల తర్వాత పగలబడి నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున ఫోను తెరిస్తే మేనకోడలు కూతురి బోసినవ్వు. ఎవరో పెరట్లో కాసిన సొరకాయ. హైదరాబాద్‌లో వాన. అంతే. ఇంకేం లేదు. ఆ 'ఇంకేం లేదు' అన్నది ఎంత బాగుంటుందో చెప్పడానికి మాకు మాటలు రావు. రోజూ గుండె దిటవు చేసుకుని తెరిచే అలవాటు మాకు. దేశంలో ఎక్కడన్నా బాంబు పేలితే అందరూ "అయ్యో ఎంతమంది పోయారు" అనుకుంటారు. మేమూ అనుకుంటాం, ఆ వెంటనే "యా అల్లా, చేసినవాడి పేరు మా పేరు కాకుండా చూడు" అనుకుంటాం. తర్వాత ఫోను వంక చూస్తాం, ఎవడు ముందు మొదలుపెడతాడోనని. ఆ చూపు తప్పింది. సహర్‌కి లేచి, వంట చేసుకుని, రెండు ముద్దలు తిని, ఫజర్ నమాజు దాకా ఆ గంట మాకు మేం మిగిలాం. రంజాన్ అంతా కోపం లేకుండా గడిచింది. కోపం కూడా ఉపవాసానికి మంచిది కాదంటారు మా పెద్దలు.

వాట్సాప్ గ్రూపు దగ్గర కొంచెం తంటా పడ్డాం. 2020 అక్టోబరు దాకా గ్రూపు నోరు మూయించాలంటే ఎక్కువలో ఎక్కువ ఏడాదే. ఆ తర్వాత 'ఎప్పటికీ' అనే వీలొచ్చింది. గ్రూపులోంచి లేచిపోతే ఫలానావాళ్లు వెళ్లారని అందరికీ కనపడేది. అది చూసి "ఎందుకు పోయిండు, కోపమొచ్చిందా" అని ఊళ్లో పంచాయితీ. 2022 ఆగస్టులో ఆ పద్ధతి మారింది. ఎవరు వెళ్లినా అడ్మిన్‌కి మాత్రమే కబురు. ఆ వీలు వచ్చిన కొన్ని రోజులకే మాలో ఇద్దరం లేచి వచ్చేశాం. మిగతా ఇద్దరం ఆర్కైవ్‌లో వేసి పెట్టుకున్నాం. చావు కబుర్లు, పెళ్లి పత్రికలు తెలియాలి కదా. ఆదివారం ఒకసారి తెరిచి అవి మాత్రం ఏరుకుని మిగతా ఇద్దరికీ చెప్తాం. బియ్యంలో రాళ్లేరినట్టు.

ఇంత చిన్న పనికి అంత తృప్తి ఎందుకంటే, మా జీవితంలో తలుపులు వేసేవాళ్లు ఎప్పుడూ వేరేవాళ్లే. హైదరాబాద్‌లో అద్దె ఇంటికి పోతే గదులన్నీ చూపించి, అడ్వాన్సు మాట్లాడి, చివర్లో పేరు అడిగి "మా అన్నతో ఒక మాట చెప్పాలె" అన్నవాళ్లున్నారు. ఆ అన్న ఇప్పటిదాకా ఫోన్ చేయలేదు. ఉండమంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి, అడిగితే జవాబు చెప్పాలి. గొళ్లెం మా వైపున్న మొదటి తలుపు ఈ మీటే. దాన్ని చప్పుడు చేయకుండా, ఎవర్నీ తిట్టకుండా వేసుకున్నాం.

ఆ తలుపు మావాళ్ల మీద కూడా వేశాం. అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఆడపిల్ల కాలేజీకి పోతే ఏమవుతుందో రోజూ రాసే దూరపు బంధువొకాయన ఉన్నాడు. దర్గాకి పోయేవాళ్లు అసలు ముస్లింలే కాదని తీర్పులిచ్చే గల్ఫు మిత్రుడొకడున్నాడు. పీర్లెత్తిన మా తాతల్ని నరకానికి పంపే హక్కు వాడికెవరిచ్చారు? వీళ్లకి జవాబు చెప్పీ చెప్పీ మా ఆడవాళ్లకి విసుగొచ్చింది. ఆ పేర్ల మీద కూడా అదే వేలు పడింది, అదే హాయి కలిగింది. ఏడాది పొడుగునా మా ఊసెత్తక, రంజాన్ నెలలో మాత్రం "హలీం ఎక్కడ బాగుంటుంది" అని అడిగే అభ్యుదయ మిత్రులు కూడా ఒకరిద్దరు ఆ జాబితాలో ఉన్నారు. కోపంతో కాదు, విసుగుతో.

*

అన్‌ఫాలో చేస్తే మనుషులు దూరమైపోతారని భయపడ్డాం. అట్లా జరగలేదు. 2023 ఎండాకాలంలో మేం అన్‌ఫాలో చేసినవాళ్లలో ఒకడి తండ్రి పోయాడు. చిన్నప్పుడు మా వీధి మొదట్లో ఆయన కిరాణా కొట్టు. రంజాన్ వస్తే మా ఇళ్ల కోసం ఖర్జూరం విడిగా కట్టి ఉంచేవాడు. కబురు తెలియగానే ఇద్దరం మగవాళ్లం బండెక్కి పోయాం. పాడె మోశాం. భుజం మార్చుకుంటూ వాగు దాకా నడిచాం. వాడు మా మెడ పట్టుకుని ఏడ్చాడు. "మా బాపుకు మీరంటే పానం రా" అన్నాడు. మాకూ దుఃఖం ఆగలేదు. ఆ ఏడుపులో అబద్ధమేం లేదు.

నెల తిరక్కుండానే వాడు మళ్లీ ఫార్వర్డులు మొదలుపెట్టాడని విన్నాం. మేం చూడలేదు. చూసి ఉంటే పాడె మోసిన భుజం ఆ రాత్రి నొప్పి పుట్టేది. చూడలేదు కాబట్టే వాడు బక్రీదుకి ఇంటికొస్తే "రా రా, కూసో" అని మనస్ఫూర్తిగా అనగలిగాం. వాడు తిని, చెయ్యి కడుక్కుని, పిల్లల చేతిలో తలా వంద పెట్టి పోయాడు. మా లెక్కలో వాడిద్దరు మనుషులు. ఇంటికొచ్చేవాడు ఒకడు, ఫోనులో ఉండేవాడు ఒకడు. ఇంటికొచ్చేవాణ్ణి కాపాడుకోవడానికే ఫోనులోవాణ్ణి పక్కన పెట్టాం.

దీన్ని పారిపోవడమంటున్నారు మా లౌకికవాద మిత్రులు. వాళ్లంటే మాకు గౌరవం. 1992 డిసెంబరు 6 తర్వాత భయంతో వీధి తలుపులు బిగించుకున్న రోజుల్లో మా ఇంటికొచ్చి కూర్చున్నవాళ్లు వాళ్లే. ఇప్పుడు అంటున్నారు: "మీరే బయటికి పోతే ఎట్లా? మీరు మాట్లాడకపోతే వాళ్లకి నిజం ఎవరు చెప్తారు? గ్రూపంతా వాళ్లదే అయిపోదా?"

మంచి ప్రశ్నే. కానీ మిత్రులారా, ఒక్క లెక్క చూడండి. గ్రూపులో యాభై నాలుగు మంది. విషం పంచేది ఏడెనిమిది మంది. జవాబు చెప్పింది నలుగురం. మిగతా నలభై మందికి పైగా ఎక్కడున్నారు? మేం రాసిన రోజున వాళ్లలో కొందరు మాకు విడిగా మెసేజ్ పెట్టేవాళ్లు. "బాగా చెప్పినవ్. గ్రూపులో అనలేకపోయిన. మనసులో పెట్టుకోకు." అట్లాంటి మెసేజ్‌లు మా ఫోన్లలో ఇప్పటికీ ఉన్నాయి. చాటుగా వచ్చే సానుభూతితో మాకు ఏం చేయాలో తెలియలేదు. ఇరుగుపొరుగు చూడకుండా దొడ్డిదారిన తెచ్చి ఇచ్చే భోజనంలా ఉంటుందది. ఆకలి తీరుతుంది, అవమానం మిగులుతుంది.

ఒక తప్పుడు మాట అన్నప్పుడు, అన్నవాడి పక్కన కూర్చున్నవాడు "ఏయ్, అది అబద్ధం, తీసెయ్" అంటే వాడు వింటాడు. మేమంటే వాదన అవుతుంది, వాళ్లంటే మందలింపు అవుతుంది. మేం వంద ఆధారాలు పెట్టినా "మీరట్లనే అంటరు లే" అనే వీలుంది. వాళ్లు ఒక్క మాటంటే ఆ వీలు లేదు. అట్లాంటప్పుడు ఈ పని మాదెట్లా అవుతుంది? ముప్పై ఏళ్లుగా మేమే పరీక్ష రాస్తున్నాం. ప్రశ్నపత్రం ఒకటే. పాస్ మార్కులు ఎన్నో ఎవరూ చెప్పరు. ఈసారి హాల్లోంచి లేచి బయటికొచ్చాం. బయట గాలి బాగుంది. ఖాళీ చేసిన కుర్చీలో ఎవరైనా కూర్చుని మాట్లాడాలంటే ఆ నలభై మందికీ చోటుంది.

పోగొట్టుకున్నది ఏమీ లేదనం. గ్రూపులో ఎవరో మా డ్రిల్లు సారు గొంతు అనుకరించి ఆడియో పెట్టాడట. అందరూ రోజంతా నవ్వుకున్నారట. మాకది పది రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి నవ్వు చల్లారింది. ఆ నవ్వులు మావి కూడా. ఏడెనిమిది మంది పంపే చెత్త కోసం వాటిని వదులుకోవాల్సి వచ్చింది. ఈ నష్టం మాకే ఎందుకు రాసిపెట్టి ఉండాలి?

మాలో ఒకరి కూతురికి ఇప్పుడు పదిహేనేళ్లు. పదో తరగతి. దానికీ ఒక క్లాసు గ్రూపుంది. మేం అన్‌ఫాలో సంగతి మాట్లాడుకుంటుంటే విని, "నేనెప్పుడో మ్యూట్ చేసిన అబ్బా, చేరిన వారానికే" అంది. తల కూడా ఎత్తలేదు. మాకు ముప్పై ఏళ్ల స్నేహం, ఐదేళ్ల ఓపిక అయిపోయాక చేతికొచ్చిన పని దానికి వారంలో వచ్చింది. మా తృప్తి వెనక ఒక బడి చెట్టు ఉంది, పంచుకున్న మధ్యాహ్నం బువ్వ ఉంది. పక్కన పెట్టినా, తిరిగి పోయి పాడె మోసేంత పాత రుణం ఉంది. దానికి ఆ రుణం పడే అవకాశమే రావడం లేదు. ఆ రాత్రి మేం నలుగురం ఫోన్లో ఎక్కువ మాట్లాడుకోలేకపోయాం.

అందుకని ఈ నాలుగు మాటలు ఆ నలభై మంది కోసం రాశాం. మా క్లాసువాళ్ల కోసమే కాదు, మీ మీ గ్రూపుల్లో చూసి ఊరుకునే మీ అందరి కోసం. మమ్మల్ని మళ్లీ రమ్మని అడగకండి. చాటుగా మెచ్చుకోకండి. ఈసారి రెండు బాణాలతో ఏదన్నా వచ్చినప్పుడు, అందరూ చూస్తుండగా, పంపినవాణ్ణి పేరు పెట్టి పిలిచి ఒక్క మాట అనండి. మేం ఆ గ్రూపులో ఉండం, ఆ మాట చూడం. కానీ చిన్న ఊరు మాది. అన్నారని మా దాకా వస్తుంది.